థింబుల్ కొండ మీది బాణం

మా కాల్డర్‌లో ఎవరైనా నమ్మశక్యం కాని కబురు మోసుకొస్తే, "వెర్లిన్ చూశాడా?" అని అడుగుతాం. చూశాడంటే ఇక దాని మీద వాదన లేదు. చూడలేదంటే కాఫీ పోసుకుని వేరే కబుర్లలో పడతాం. తూర్పు ఆరెగాన్‌లో ఓ మూల, పట్టుమని తొమ్మిది వందల మంది లేని ఊళ్ళో, ఒక మనిషికి ఇంతకంటే పెద్ద ఆస్తి ఏముంటుంది?

ఆ ఆస్తి వెర్లిన్ టీగ్‌కు ఊరికే రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కరెంటు సహకార సంఘంలో మీటర్లు చూశాడు. ఇక్కడి పశువుల రాంచ్‌ల మధ్య దూరాలు ఎలా ఉంటాయంటే, ఒక ఇంట్లో పోయించుకున్న కాఫీ ఇంకో ఇంటికి చేరేసరికి చల్లారిపోతుంది. చలికాలంలో దారులు మూసుకుపోతే మిగతావాళ్ళు బండి వేడిలో కూర్చుని, పోయిన నెల అంకెకు ఓ పిసరు కలిపి అంచనాగా రాసేసేవారు. సంఘమూ చూసీ చూడనట్టు ఊరుకునేది. వెర్లిన్ మాత్రం మంచుబూట్లు కట్టుకుని, నడుం లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి, మీటరు అద్దం మీద మంచు తుడిచి, కళ్ళతో చూసి రాసేవాడు. చూడనిది రాయడం అతనికి చేతకాదు.

ఆ పాత మీటర్లకు చిన్న గడియారాల్లా నాలుగు మొహాలుండేవి. ఒక ముల్లు కుడికి తిరిగితే దాని పక్కది ఎడమకు తిరుగుతుంది. ఏమరుపాటుగా చూస్తే అంకె తప్పుతుంది. ఒకసారి పద్నాలుగు మైళ్ళు వెనక్కి వచ్చేశాక, ఒక రాంచ్‌లో రెండో ముల్లు ఏడు దాటిందా లేదా అని అతనికి అనుమానం పట్టుకుంది. భార్య నెల్డా భోజనం వడ్డిస్తుంటే లేచి వెళ్ళిపోయాడు. పొద్దున కరిచిన కుక్కే మధ్యాహ్నమూ కరిచింది. ముల్లు ఏడు దాటే ఉంది. అతను ముందు రాసిందీ ఏడే. ఆ సంతోషంలో కాలికి కట్టు కట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

సంఘంలో ప్రతి రీడరుకూ వంద ఎర్ర చీటీల పుస్తకం ఒకటి ఇచ్చేవారు. రాసిన అంకె తప్పని తేలితే అందులోంచి ఒక చీటీ చింపి, 'తప్పు రీడింగ్' అన్న అచ్చు అక్షరాల కింద ఏది తప్పో ఏది ఒప్పో రాసి, సంతకం పెట్టి, అందరికీ కనబడేలా ఆ మీటరుకే అంటించి రావాలి. కొందరు రీడర్లకు ఏడాదికి రెండు పుస్తకాలు పట్టేవి. తమంతట తామే అంకెలు పంపుకునే మీటర్లు వచ్చి 2003లో వెర్లిన్ ఉద్యోగం అయిపోయినప్పుడు, వీడ్కోలు సభలో పై అధికారి అతని ఎర్ర పుస్తకాన్నే రిబ్బను కట్టి చేతికిచ్చాడు. వందకు వంద చీటీలూ ఉన్నాయి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వెర్లిన్ చెవులు ఎర్రబడిపోయాయి. అప్పటినుంచి ఆ పుస్తకం వాళ్ళింట్లో నిప్పుగూడు మీది అరలో, గడియారం పక్కన, రిబ్బనుతో సహా ఉంటోంది. "మనవల ఫొటోల కంటే దీనికే ఎక్కువ తుడుపు" అని నెల్డా సణుగుతూనే రోజూ దుమ్ము దులుపుతుంది.

ఖాళీగా కూర్చునే మనిషి కాదు గనక మరుసటి ఏడాదే డబ్బాల వేటలో పడ్డాడు. జియోక్యాషింగ్ అంటారు దాన్ని. ఒకరు అడవిలోనో గుట్ట మీదో ఒక డబ్బా దాచి, అది ఏ అక్షాంశం మీద ఏ రేఖాంశం మీద ఉందో వెబ్‌సైట్లో పెడతారు. మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, డబ్బాలోని నోటు పుస్తకంలో సంతకం చేసి, మళ్ళీ ఉన్నచోటే దాచి వస్తారు. ఇంటికొచ్చి వెబ్‌సైట్లో రాస్తే, దొరికినదానికి పసుపుపచ్చ నవ్వు మొహం, దొరకనిదానికి నీలం ఏడుపు మొహం వాళ్ళ పేరు పక్కన పడతాయి. కాపలా ఎవరూ ఉండరు. దొరక్కపోయినా దొరికిందని రాసుకోవచ్చు. అలా రాయకపోవడమే ఆటంతా. వెర్లిన్‌కు కొలిచి కుట్టించినట్టున్న ఆట.

కొండల మీది సర్వే బిళ్ళలు వెతకడమూ ఈ ఆటలో భాగమే. మా ఊరికి ఉత్తరాన దర్జీ వేలితొడుగులా నిలబడ్డ థింబుల్ కొండ మీద 1934లో సర్వే వాళ్ళు గుర్రాల మీద వెళ్ళి ఒక ఇత్తడి బిళ్ళ రాతిలో దిగేశారు. 1958లో మళ్ళీ వచ్చినవాళ్ళు మంచులో వెతికి, 'దొరకలేదు' అని రాసుకుని పోయారు. తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2004 ఆగస్టులో వెర్లిన్ టీగ్ రెండు రోజులు శిఖరమంతా చీపురుతో ఊడ్చి మరీ దాన్ని పట్టుకున్నాడు. అరచేతి అంత ఇత్తడి బిళ్ళ. దాని మీద 'థింబుల్', '1934', 'నెం. 1' అన్న అక్షరాలు, మధ్యలో ఒక బాణం. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పన్నెండేళ్ళ పిల్లాడిలా నవ్వుతున్న వెర్లిన్ ఫొటో మా వారపత్రికలో మొదటి పేజీలో వచ్చింది. అతని చిన్నప్పటి స్నేహితుడు డెల్మర్ క్రౌస్ ఆ ఫొటోకు అద్దం కట్టించి తన కేఫ్‌లో 'పై' అనే పళ్ళ రొట్టెలు అమ్మే గాజు అలమార పైన తగిలించాడు.

అక్కడితో ఆగలేదు. శిఖరం మీద గొర్రెల కాపరులు ఎప్పుడో పేర్చిన మోకాలెత్తు రాళ్ళ గుట్ట ఉంటే, దాని అడుగున గూడులా చేసి, వెర్లిన్ తన సొంత డబ్బా ఒకటి దాచాడు. కొండెక్కేవాళ్ళు కింది వాగు నుంచి తలా ఒక రాయి తెచ్చి గుట్ట మీద పెట్టాలని నియమం పెట్టాడు. తనూ ఏటా జూన్‌లో, మంచు కరగ్గానే ఎక్కి, నోటు పుస్తకం మార్చి, ఒక రాయి పెట్టి వచ్చేవాడు. ఇరవై ఏళ్ళలో రెండు వందల పన్నెండు మంది ఎక్కారు. గుట్ట ఛాతీ ఎత్తయింది.

ఇంకొక ముచ్చట కూడా చెప్పాలి. బిళ్ళ మీది బాణం ఉత్తర దిక్కు చూపిస్తుందని వెర్లిన్ తన వెబ్ పేజీలో రాశాడు. దిక్సూచి పెట్టి చూస్తే బాణానికీ ఉత్తరానికీ ఎక్కడా పొంతన లేదు. కొండలో ఇనుము ఉండటం వల్ల ఇక్కడ దిక్సూచి తడబడుతుందని దానికొక వివరణ కూడా రాశాడు. ఎక్కినవాళ్ళందరూ "నిజమే, మా దిక్సూచీ తప్పింది!" అని నోటు పుస్తకంలో ఆశ్చర్యపోయారు. వెర్లిన్‌కూ దిక్సూచికీ తేడా వస్తే మా వాళ్ళు అనుమానించేది దిక్సూచినే.

ఈ జూన్ మొదట్లో మారిట్ సోల్బర్గ్ ఆ కొండెక్కింది. మా బడిలో ఐదో తరగతి పంతులమ్మ, స్పోకేన్ నగరం నుంచి మా ఊరికొచ్చి రెండేళ్ళే అయింది. ఆమె దిక్సూచి శిఖరం మీద ఉత్తరాన్ని ఉత్తరంగానే చూపించింది. కింద వాగు దగ్గరా అదే చూపించింది. ఆమె రాళ్ళు ఏరి చూసింది, ఇనుము జాడ లేదు. నాలుగు రోజులు ఆలోచించి, వెర్లిన్‌కు ఒక్కడికే, వెబ్‌సైట్లో ఎవరికీ కనబడకుండా ఉత్తరం రాసింది.

'టీగ్ గారూ, మీ డబ్బా చాలా బాగుంది. మీ మీద నాకున్న గౌరవం కొద్దీ ఒక మాట. సర్వే వాళ్ళు శిఖరం మీద ఒక అసలు బిళ్ళ, దాని చుట్టూ ఒకటి రెండు సాక్షి బిళ్ళలు దిగేసేవారట. అసలు బిళ్ళకు మధ్యలో చిన్న త్రిభుజం ఉంటుంది. బాణం ఉండేది సాక్షి బిళ్ళకు. అసలుది ఎటుందో ఆ బాణం చూపిస్తుంది. మీ ఫొటోలో ఉన్నది సాక్షి బిళ్ళేమోనని నా అనుమానం. తప్పయితే మన్నించండి. ఈ మాట నేనెవరికీ చెప్పను.'

వెర్లిన్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి చదివాక లేచాడు. అటక మీంచి పాత ఫైలు దింపాడు. 2004లో తెప్పించుకున్న సర్వే వివరాలు రెండు కాగితాలు. మొదటిది మడతలు చిరిగి, కాఫీ మరకలతో, జేబులో పడి నలిగిన కాగితం. రెండోది కొత్త పెళ్ళికూతురి చీరలా మడత నలగకుండా ఉంది. ఇరవై ఏళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా విప్పలేదు. మొదటి కాగితం చదివాడు, కొండెక్కాడు, 'థింబుల్' అన్న అక్షరాలు కనబడ్డాయి, సంతోషం ముంచుకొచ్చింది, అంతే.

రెండో కాగితం విప్పాడు. 'సాక్షి బిళ్ళ నెం. 1. బాణం చూపే దిక్కున నలభై ఒక్క అడుగుల దూరంలో అసలు బిళ్ళ.'

నెల్డా వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏంటలా కూర్చున్నావు? ఎవరైనా పోయారా?"

"తప్పు రాశాను నెల్డా."

"దేనికి?"

"థింబుల్‌కి. అది అసలు బిళ్ళ కాదు."

నెల్డా చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం చదివింది. "ఇంతోటిదానికా? అయితే అసలుదెక్కడుంది?"

"చూడకుండా నేనెలా చెప్తాను?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు ముళ్ళు చూసీ చూసీ, చివరికి బాణం ఎటుందో చూసుకోలేకపోయావా మహానుభావా!" అని ఆవిడ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. యాభై ఏళ్ళ కాపురంలో వెర్లిన్ కళ్ళలో నీళ్ళు ఆవిడ రెండుసార్లే చూసింది. ఇది మూడోసారి.

మర్నాడు పొద్దున్నే వెర్లిన్ డెల్మర్ కేఫ్‌కు వెళ్ళాడు. అలమార పైన ఫొటోలో తన మొహమే తనను చూసి నవ్వుతుంటే, వీపు అటు తిప్పి కూర్చుని విషయమంతా చెప్పాడు. డెల్మర్ మెత్తటి బిస్కెట్ రొట్టెల మీద గ్రేవీ పోస్తూ విన్నాడు.

"ఎవరెవరికి తెలుసురా ఇది?"

"నీకు, నెల్డాకు, ఆ పంతులమ్మకు."

"ఆ పిల్ల ఎవరికైనా చెప్తుందా?"

"చెప్పనని రాసింది."

"నేను చెప్పను. నెల్డా చెప్పదు. ఇంకేంట్రా నీ బాధ? ఆ కొండ మీద బిళ్ళ ఒకటుంటే ఏంటి, మూడుంటే ఏంటి? ఎల్క్ జింకలొచ్చి నిన్ను నిలదీస్తాయా? తిను."

"ముప్ఫై ఏడు మంది రాశారురా."

"ఏం రాశారు?"

"థింబుల్ బిళ్ళ చూశామని. నా పేజీ చదివి, నా ఫొటో చూసి, నేను చెప్పానని. నేనొక్కణ్ణి తప్పు రాసుకుంటే అది నా ఖర్మ. నన్ను నమ్మి ముప్ఫై ఏడు మంది తప్పు రాశారు. దిక్సూచి తప్పంటే సరే అన్నారు. చేతిలో ఉన్నదాన్ని కాదని నా మాట నమ్మారు."

డెల్మర్ గ్రేవీ గరిటె కింద పెట్టి అలమార పైకి చూశాడు. "ఫొటో తీసెయ్యనా?" అని మెల్లిగా అడిగాడు.

"వద్దు. ఉండనీ."

ఆ మధ్యాహ్నం వెర్లిన్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ముందు కొండెక్కి అసలుది దొరికాక మార్చమని నెల్డా చెప్పింది. దొరికితే నీలం మొహం పడకుండానే పోతుంది కదా అని ఆవిడ ఆశ. వెర్లిన్ తల అడ్డంగా ఊపాడు. ఇవాళ్టికి తను చూడలేదు. చూడనిది చూడనట్టే రాయాలి. 2004 నాటి పసుపు మొహాన్ని తీసేసి నీలం ఏడుపు మొహం పెట్టాడు. నాలుగు వేల పైచిలుకు నవ్వుల మధ్య అదొక్కటే ఏడుస్తూ కనబడింది. దాని కింద, 'నేను చూసింది సాక్షి బిళ్ళ. అసలు బిళ్ళ నేను చూడలేదు. నా మాట మీద రాసుకున్నవాళ్ళందరికీ క్షమాపణ. కొండలో ఇనుము కూడా లేదు' అని రాశాడు. ఆ చివరి మాట రాయడం అన్నిటికంటే కష్టమైందని తర్వాత నెల్డాతో చెప్పాడు.

ఆదివారం కేఫ్‌కు సెలవు. వెర్లిన్, డెల్మర్, మారిట్ ముగ్గురూ కొండెక్కారు. వెర్లిన్‌కు డెబ్భై నాలుగు. పోయిన శరదృతువులో ఎడమ మోకాలు మార్పించుకున్నాడు. డాక్టరు చదును నేల మీద నడవమన్నాడు. కొండ చాలాచోట్ల చదునుగానే ఉంటుందని నెల్డాతో అబద్ధమాడదామనుకున్నాడు గానీ ఈ వారంలో అలాంటి మాట నోటికి రాలేదు. "నిటారుగానే ఉంటుంది, నెమ్మదిగా ఎక్కుతాను" అన్నాడు. నెల్డా గుడ్డు సాండ్‌విచ్‌లు, హకుల్‌బెర్రీ పళ్ళ పై ముక్కలు, ఫ్లాస్కు నిండా కాఫీ సర్ది, మారిట్‌ను పక్కకు పిలిచి, "కుంటితే వెనక్కి లాక్కొచ్చెయ్యి. వినకపోతే పై ముక్క ఇవ్వకు" అని చెప్పింది.

వాగు దగ్గర డెల్మర్ అలవాటు కొద్దీ ఒక రాయి ఏరి సంచిలో వేసుకున్నాడు. వెర్లిన్ వద్దన్నాడు. "నియమం నువ్వు పెట్టిందే కదరా" అని డెల్మర్ రాయి మోశాడు. పైన్ చెట్ల నీడ దాటి సేజ్ పొదల్లోకి వచ్చేసరికి ఎండ వీపు మీద పడింది. వెర్లిన్ కర్ర పోటేసుకుంటూ, ఇరవై అడుగులకొకసారి ఆగుతూ నడిచాడు.

మారిట్‌కు లోపల గుబులుగా ఉంది. సగం దారిలో ఆగి, "టీగ్ గారూ, నేనా ఉత్తరం రాయకుండా ఉండాల్సిందేమో" అంది.

"ఎందుకమ్మా?"

"మీరు వారం రోజుల్నించి సరిగ్గా తినట్లేదని నెల్డా గారు చెప్పారు."

"మీటరు తప్పు చూశావని చెప్పినవాళ్ళ మీద మీటరు రీడరు కోప్పడకూడదమ్మా. నువ్వు రాయకపోతే ముప్ఫై ఎనిమిదోదానివి అయ్యేదానివి." ఇంకో నాలుగడుగులు వేసి ఆగాడు. "మొదటిసారి చదివినప్పుడు మాత్రం బాగా కోపమొచ్చింది. నీ దగ్గర దాచడమెందుకు?"

"తిట్టుకున్నారా?"

"కొంచెం."

"కొంచెమా! స్పోకేన్ నుంచొచ్చి నాకు చెప్తుందా అన్నాడట, నెల్డా చెప్పింది" అని వెనకనుంచి డెల్మర్ అందించాడు. మారిట్ నవ్వింది. అక్కణ్ణుంచి ముగ్గురికీ నడక తేలికైంది.

శిఖరం చేరేసరికి పదకొండున్నర. సాక్షి బిళ్ళ ఎప్పటిలాగే ఎండకు మెరుస్తోంది. ఎన్నో వేళ్ళు తడిమి తడిమి దాని అంచులు నునుపెక్కాయి. వెర్లిన్ ఈసారి అక్షరాల జోలికి పోలేదు. వంగి బాణాన్ని చూశాడు. మారిట్ కొలత టేపు మొదలును బిళ్ళ మధ్యలో పెట్టి పట్టుకుంది. డెల్మర్ టేపు రెండో కొస పట్టుకుని బాణం చూపిన వైపే వెనక్కి వెనక్కి నడిచాడు.

"ఎడమకు, ఇంకొంచెం ఎడమకు. ఆఁ, తిన్నగా" అని వెర్లిన్ అరుస్తున్నాడు. "ఎంతొచ్చింది?"

"ముప్ఫై ఐదు."

"ఇంకా."

"ఇంక వెనక్కి పోలేనురా."

"ఏం? అంచుందా?"

"గుట్టుంది" అన్నాడు డెల్మర్. అతని వీపు రాళ్ళ గుట్టకు ఆనుకుంది. టేపు ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగింది. నలభై ఒకటి గుట్ట అడుగున, సరిగ్గా డబ్బా గూడు దగ్గరికి వస్తుంది.

వెర్లిన్ వచ్చి టేపు మీది అంకె స్వయంగా చూశాడు. తర్వాత డెల్మర్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి గుట్టకు చేరగిలబడి కింద కూర్చున్నాడు. "ఇరవై ఏళ్ళురా వెర్లిన్! ఏటా ఒక రాయి మోసుకొచ్చి మరీ పూడ్చావు కదరా! సర్వే వాళ్ళు సాక్షిని పెడితే, నువ్వు సాక్షిని పట్టుకుని ఊరేగించి, అసలుదానికి సమాధి కట్టావు!"

వెర్లిన్ నిలబడి గుట్టను చూశాడు. రెండు వందల పన్నెండు మంది రాళ్ళు. అన్నీ తన మాట మీద మోసుకొచ్చినవే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు సిగ్గేసింది, తర్వాత డెల్మర్ నవ్వు చూసి నవ్వొచ్చింది. "నవ్వింది చాల్లే, లే. రాళ్ళు తియ్యి" అన్నాడు.

పన్నెండు నుంచి మూడింటి దాకా తీశారు. ఒక్కో రాయీ తీసి, కొండ దక్షిణపు అంచున పక్కకు పేర్చారు. కొన్ని రాళ్ళ మీద జనం పేర్లు రాశారు, కొన్నిటి మీద పెళ్ళి తేదీలు, ఒకదాని మీద ఒక కుక్క పేరు. పేరున్న రాయి వచ్చినప్పుడల్లా వెర్లిన్ చదివి, రాతను పైకి పెట్టి పేర్చాడు. డెల్మర్ సంచిలోంచి తన రాయి తీసి కొత్త గుట్ట మీద మొదటిది నేనే పెట్టానని గొప్పలు పోయాడు. పై ముక్కలు తినేటప్పుడు మారిట్ వెర్లిన్ మోకాలి వైపు అనుమానంగా చూసింది. అతను కాలు చాపి, "కుంటట్లేదు, కూర్చున్నాను. నా ముక్క ఇటివ్వు" అన్నాడు.

చివరికి డబ్బా వచ్చింది. డబ్బా కింద నాలుగు పలకరాళ్ళు. వాటిని చూడగానే వెర్లిన్ గుర్తుపట్టాడు. తన పెరటి దారిలోవే. డబ్బాకు చెమ్మ తగలకుండా నెల్డా చూడకుండా పెరికి తెచ్చి పరిచాడు. పలకల కింద రెండు వేళ్ళ మందాన గుల్ల మట్టి. ఆ రోజు అరచేత్తో చదును చేసినట్టే ఉంది. మరో గుప్పెడు మట్టి తీసుంటే ఇరవై ఏళ్ళ కిందటే చెయ్యి తగిలేది.

డెల్మర్ చెయ్యి చాపబోతే మారిట్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ వెనక్కి జరిగారు.

వెర్లిన్ కర్ర పక్కన పెట్టి, మంచి మోకాలు ముందు, కొత్త మోకాలు తర్వాత నేలకు ఆనించాడు. నొప్పికి పళ్ళు బిగించాడు. మీటరు అద్దం మీద మంచు తుడిచినట్టు చేత్తో మట్టి తుడిచాడు. ఇత్తడి తగిలింది. ఎండా వానా సోకక అక్షరాలు నిన్న కొట్టినట్టున్నాయి. 'థింబుల్'. '1934'. 'నెం.' అన్న మాట లేదు. బాణం లేదు. మధ్యలో గోరంత త్రిభుజం, దాని నడుమ ఒక చుక్క. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. మూడోసారి మారిట్‌ను పిలిచి చదవమన్నాడు.

"థింబుల్, 1934, త్రిభుజం" అంది మారిట్.

"బాణముందా?"

"లేదు టీగ్ గారూ."

"డెల్మర్, నువ్వు చూడు."

"చూశానురా బాబూ, లేదు. నీకొచ్చిన ఏడుపు కూడా ఇంక అవసరం లేదు" అన్నాడు డెల్మర్. కళ్ళజోడు తుడుచుకుంటున్నది మాత్రం డెల్మరే.

వెర్లిన్ నోటు పుస్తకం తెరిచి తేదీ వేసి, 'చూశాను' అని ఒక్క మాట రాశాడు. అసలు బిళ్ళ మీద మళ్ళీ రాయి పెట్టలేదు. డబ్బాను పక్కన పేర్చిన కొత్త గుట్టలో దాచి, ఆ కొత్త చోటు అక్షాంశ రేఖాంశాలు జీపీఎస్‌లో చూసి రాసుకున్నాడు. దిగేటప్పుడు నిజంగానే కుంటాడు. పై ముక్క అప్పటికే తినేశాడు గనక మారిట్ ఏమీ చెయ్యలేకపోయింది.

ఆ వారమంతా కూర్చుని ముప్ఫై ఏడు మందికీ ఒక్కొక్కరికి విడిగా రాశాడు. ముప్ఫై ఒక్క మంది జవాబిచ్చారు. ఒక్కరూ తిట్టలేదు. వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ఒక ముసలాయన మాత్రం, 'నా దిక్సూచిని అప్పుడే చెత్తలో పారేశాను, ఇప్పుడు కొత్తది ఎవరు కొనిస్తారు?' అని అడిగాడు. వెర్లిన్ తన సొంత దిక్సూచిని పార్శిల్ చేశాడు. తర్వాతి శనివారం థింబుల్ దారి మొదట్లో తొమ్మిది కార్లు ఆగి ఉన్నాయి. ఆ కొండ కింద అన్ని కార్లు ఒకేసారి నేనెప్పుడూ చూడలేదు.

నిప్పుగూటి మీది అరలోంచి ఎర్ర పుస్తకం దింపి రిబ్బను విప్పుతుంటే నెల్డా చూసింది. మొదటి చీటీ చింపేటప్పుడు ఆవిడకే మనసొప్పలేదు. "వందకు వందా ఉండేవి కదా" అంది.

"తొంభై తొమ్మిదున్నాయిగా" అన్నాడు వెర్లిన్. అన్ని రోజుల తర్వాత ఆ రోజే కడుపు నిండా తిని, ఇంకాస్త బంగాళాదుంపలు పెట్టించుకున్నాడు.

డెల్మర్ కేఫ్‌లో ఇప్పుడు రెండు ఫొటోలున్నాయి. కొత్తదాంట్లో త్రిభుజం ఉన్న బిళ్ళ ఒక్కటే ఉంది, మనిషి లేడు. పాతదాంట్లో వెర్లిన్ పన్నెండేళ్ళ పిల్లాడిలా నవ్వుతూనే ఉన్నాడు. దాని అద్దానికి, అందరికీ కనబడేలా, ఒక ఎర్ర చీటీ అంటించి ఉంది. 'తప్పు రీడింగ్' అన్న అచ్చు అక్షరాల కింద, మీటరు రీడర్ల గుండ్రటి రాతలో, 'రాసింది: అసలు బిళ్ళ. సరైనది: సాక్షి బిళ్ళ. అసలుది బాణం వైపు నలభై ఒక్క అడుగులు. స్వయంగా చూశాను. వి. టీగ్' అని ఉంది.